ఈరోజు ఏ దారి?

"ఈరోజు ఎర్రదారి దిగుతానంటోందమ్మా మా ఆవిడ. దిగొచ్చంటారా?"

భార్గవి హెడ్‌సెట్ సరిచేసుకుని, తెరమీది కొండ పటాన్ని పెద్దది చేసింది. హైదరాబాదు రాయదుర్గంలో మధ్యాహ్నం ఒకటిన్నర. ఆల్ప్స్‌లో అప్పుడే తొమ్మిది, మనుషుల్ని కొండపైకి చేర్చే లిఫ్టులు మొదలయ్యే వేళ. ఐదు రోజులుగా సరిగ్గా ఈ సమయానికే రామ్మోహనరావు గారి ఫోను వస్తోంది.

అక్కడి మంచుకొండ మీది స్కీ రిసార్టుకు వెళ్ళే తెలుగువాళ్ళ కోసం పెట్టిన ఉచిత ఫోను లైను అది. ఏ వాలు ఎవరికి తగునో చెప్పడం భార్గవి ఉద్యోగం. మూడేళ్ళుగా చెబుతోంది. నందికొట్కూరులో పుట్టి పెరిగిన ఆ పిల్ల మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసింది లేదు.

"నిన్న నీలం దారి ఎలా సాగిందండీ?"

"ఆవిడనే అడగండి. స్పీకర్లో పెడుతున్నాను."

"బాగుందమ్మా," అంది అనసూయమ్మ. గొంతులో ఆయాసం. "మధ్యలో రెండుసార్లు ఆగాను. పడలేదు."

ఆమెకు అరవై ఏళ్ళు. కాకినాడలో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు టీచరుగా చేసింది. ఊళ్ళో పిల్లలందర్నీ పరుగెత్తించిందే తప్ప తను ఎక్కడికీ కదల్లేదనీ, రిటైరయ్యాక పట్టుబట్టి ఈ పది రోజుల యాత్ర బుక్ చేయించిందనీ మొదటిరోజే రామ్మోహనరావు చెప్పాడు. భార్గవి కూడా ఆ రోజు అందరికీ చెప్పేదే చెప్పింది. ఆకుపచ్చ గుర్తున్న దారి అన్నిటికన్నా తేలిక, తర్వాత నీలం, ఆపైన ఎరుపు, నలుపు ఆరితేరినవాళ్ళకు. అలాగని రంగును గుడ్డిగా నమ్మకూడదు. ఒక కొండ మీది నీలం ఇంకో కొండ మీది ఎరుపంత కష్టపెట్టొచ్చు. పొద్దున గడ్డకట్టి జారే దారే మధ్యాహ్నానికి మెత్తబడొచ్చు. ఎంత వచ్చనుకుంటున్నారో దానికి ఒక మెట్టు కింద మొదలుపెట్టాలి.

"ఇంకో రోజు నీలమే దిగండమ్మా," అంది ఇప్పుడు. "ఎరుపు బాగా వాలుగా ఉంటుంది. మీ ఆయాసం తగ్గాక చూద్దాం."

"ఎత్తైన చోటు కదా, గాలి సరిగా అందదు," అన్నాడు రామ్మోహనరావు తొందరగా. ఆయన వెనక ఏదో సన్నగా, ఆగి ఆగి బీప్‌మంటోంది. లిఫ్టు గేటు కాబోలనుకుంది భార్గవి. పాసు తాకించినప్పుడల్లా అలా మోగుతుందని శిక్షణలో చెప్పారు.

"సరే, నీలమే," అంది అనసూయమ్మ. "ఎలా ఉంటుందో చెప్పు తల్లీ. నువ్వు చెబుతుంటే ముందే ఒకసారి దిగేసినట్టుంటుంది."

భార్గవి కళ్ళు మూసుకుంది. ఆ దారుల వీడియోలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "లిఫ్టు దిగగానే ఎడమకు తిరగండి. అక్కడ మంచు దువ్వెనతో దువ్వినట్టు చారలు చారలుగా ఉంటుంది. మొదటి మలుపు దాటితే చెట్లు. గాలి ఆగిపోతుంది. మీ కాళ్ళ కింది సరసర తప్ప ఇంకేం వినబడదు. చెట్లు అయిపోగానే కింద లోయలో ఊరు. పెంకుటిళ్ళ మీదంతా తెలుపే."

అతిథులను సొంత ప్రశ్నలు అడగకూడదని నియమం. అయినా భార్గవి ఉండబట్టలేకపోయింది.

"మంచు మీద జారుతుంటే ఎలా ఉంటుందమ్మా?"

"బరువుండదు. మనకసలు ఒళ్ళే లేనట్టుంటుంది."

ఆ రోజు ఇంటికి వెళ్తూ, కిక్కిరిసిన మెట్రోలో రెండు భుజాల మధ్య ఇరుక్కుని నిలబడి, భార్గవి ఆ మాటనే తలుచుకుంది. జీవితంలో ఒక్కసారి, ఒక్క ఆకుపచ్చ దారైనా చాలు.

ఎనిమిదో రోజు ఫోనులో ముందే అనసూయమ్మ గొంతు.

"ఈరోజు నలుపు చెప్పు తల్లీ."

"వద్దమ్మా. ఎరుపే ఇంకా సరిగా అలవాటు కాలేదు. ఇంకా రెండు రోజులున్నాయి కదా, రేపు చూద్దాం."

"రేపనకు." మాట గుసగుసలా ఉంది. "ఈరోజే."

"సార్, మీరైనా చెప్పండి."

"ఆవిడ ఇష్టమమ్మా. నేను పక్కనే ఉంటాను."

భార్గవి నల్లదారి పటం తెరిచింది. "అంచు దగ్గర ఆగండమ్మా. అక్కణ్ణుంచి దారి కనబడదు. కిందికి కాకుండా దూరంగా చూడండి. సగం దిగాక కుడివైపు నీలం దారి చీలుతుంది. భయమేస్తే అటు వెళ్ళిపోండి."

"వెళ్ళను. తర్వాత?"

"తర్వాత వాలు తగ్గిపోతుంది. ఇంక మీరు చేయాల్సిందేమీ ఉండదు. కొండే దింపుతుంది."

"చాలు తల్లీ," అంది అనసూయమ్మ.

మర్నాడు ఒకటిన్నరకు ఫోను రాలేదు. మూడు దాటినా రాలేదు. ఆ మర్నాడూ అంతే. భార్గవి హెడ్‌సెట్ తీసేసింది. లేచి వెళ్ళి టీమ్ లీడర్ సాయిచంద్ ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది.

"అంత పెద్దామెకు నల్లదారి చెప్పినవా?"

"వద్దన్నాను సార్. విన్లేదు. ఆమెకేమన్నా అయ్యుంటే నాదే తప్పు."

"జర ఆగు. పరేషాన్ గాకు. ఏ గేటు ఎప్పుడు దాటిన్రో అక్కడోళ్ళకు తెలుస్తది. అడుగుత."

అరగంటలో రిసార్టు నుంచి జవాబు వచ్చింది. సాయిచంద్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదేంది భార్గవీ? వీళ్ళ పాసులు ఎవరూ తీసుకోలేదంట. గది తాళం గుడ తీసుకోలేదంట. అసలు మనుషులే రాలేదంటున్నరు."

"ఎనిమిది రోజులు నేను మాట్లాడాను సార్."

భార్గవి తెరమీద అతిథి పేరే తప్ప నంబరు కనబడదు. సాయిచంద్ తన కంప్యూటర్లో ఆ నంబరు వెతికి ఫోను చేశాడు. అటు ఎవరో ఎత్తారు. రెండు ముక్కలు విని, ఇంకేమీ అడక్కుండా మెల్లగా పెట్టేశాడు.

"ఎవరు సార్? దొరికారా?"

"మన పక్కనే, కొత్తగూడ క్యాన్సర్ దవాఖాన."