ఒక్క ముక్క సాక్ష్యం

కోర్టుకు వెళ్లాల్సిన రోజు కూడా ఆవిడ సామాన్ల గదిలో తలుపేసుకుని కూర్చుంది.

“మొదలైంది,” అన్నాడు ఆవిడ భర్త, కాంట్రాక్టరు, బూట్లు వేసుకుంటూ. “ఏమే, సాక్ష్యం చెప్పేది నువ్వా, మీ దేవుడా? ఆయన్నే పంపించు, పీడా పోతుంది.”

హాల్లో ఉన్న ఆయన చెల్లెలు పగలబడి నవ్వింది. కొడుకు ఫోనులోంచి తలెత్తకుండానే నవ్వాడు.

ఆ ఇంట్లో ఆవిడ భక్తికి దక్కే మర్యాద అదే. సరుకుల డబ్బాల మధ్య పాత చాప మీద గోడవైపు తిరిగి, చేతులు జోడించి, పెదవులు కదుపుతూ ఉంటుంది. మొదట్లో పొద్దున్న కాసేపే ఉండేది. వాళ్ల కారు కింద పడి ఒక దర్జీ భార్య చనిపోయినప్పటి నుంచి పూటపూటా అదే పని. అన్నం చల్లారిపోతున్నా లేవదు.

“పోయినావిడ మనకేమైనా చుట్టమా వదినా?” అని ఆడపడుచు చాలాసార్లు ఎత్తిపొడిచింది. “డ్రైవరుగాడు చేసినదానికి నువ్వెందుకు చిక్కి సగమవుతావు?”

ఆ డ్రైవరు జైల్లో ఉన్నాడు. “నేను కాదండీ” అని ఏడవడం తప్ప మరో మాట రాదు వాడికి. ఇలాంటివాళ్లందరూ అదే పాట పాడతారని ఇంటి లాయరు తేల్చేశాడు. ఆ సాయంత్రం తాళాలు తీసుకెళ్లింది డ్రైవరేనని ఇంటావిడ చెబితే చాలు. ఒక్క ముక్క.

ఆ ఒక్క ముక్క కోసం లాయరు ఇంటికొచ్చి, ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, బడిపిల్లకు అప్పజెప్పించినట్టు చెప్పించబోయాడు. ఆవిడకు నోరు పెగల్లేదు. నీళ్లు నమిలింది.

“మా ఆవిడ ఇంతేనండీ,” అన్నాడు కాంట్రాక్టరు. “పాలవాడు గట్టిగా మాట్లాడినా లోపలికి పరిగెడుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నా ముందు గొంతెత్తి ఒక్క మాట అనలేదు.”

ఆ మాట కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు.

“అంత భయమేంటమ్మా?” అన్నాడు లాయరు.

“ధైర్యం ఇమ్మని అడుగుతున్నానండీ,” అందావిడ నేల చూస్తూ. “ఇంకా ఇవ్వలేదు.”

లాయరు నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. నాలుగు మాటలు చెప్పడానికి దేవుడి సిఫార్సు కావలసిన సాక్షిని ఆయన తన ప్రాక్టీసులో చూడలేదు.

కోర్టు వరండాలో బెంచీ మీద కూడా ఆవిడ కళ్లు మూసుకునే ఉంది. అటూ ఇటూ పోయేవాళ్లు చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. కొడుక్కి తల కొట్టేసినట్టయింది. బెంచీ చివరికి జరిగాడు.

“అమ్మా, ఆ గొణుగుడు ఆపు. జనం చూస్తున్నారు.”

ఆవిడ కళ్లు తెరిచి వాడివైపు చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి చాపి చొక్కా కాలరు సరిచెయ్యబోయింది. వాడు విసుక్కుని పక్కకు తప్పుకున్నాడు.

ఇంతలో బంట్రోతు పిలిచాడు. ఆవిడ బెంచీ అంచు పట్టుకుని లేచింది.

“పడిపోయేలా ఉంది, ఎవరైనా పట్టుకోండి,” అన్నాడు కాంట్రాక్టరు అసహ్యంగా. తను మాత్రం కదల్లేదు.

ఆవిడ గోడ పట్టుకుని లోపలికి నడిచి బోనెక్కింది. ఎదుటి బోనులో డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. వెనక బల్ల మీద దర్జీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందు వరసలో సొంతవాళ్లు వచ్చి కూర్చున్నారు.

“ఆ సాయంత్రం కారు తాళాలు ఎవరు తీసుకెళ్లారమ్మా?” ప్రభుత్వ లాయరు అడిగాడు.

పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. కాంట్రాక్టరు చెల్లెలి చెవిలో ఏదో అన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారికి కూడా విసుగొచ్చింది.

“వినబడేట్టు చెప్పండి.”

ఆవిడ ఒక్కసారి కళ్లు మూసుకుంది. తెరిచి జడ్జిగారివైపు తిరిగింది. ఆ గొంతు దర్జీ కూర్చున్న చివరి బల్ల దాకా వినబడింది.

“కారు నడిపింది మా అబ్బాయండీ, వాడి పక్క సీట్లో కూర్చున్నది నేను.”