చెయ్యి ఆనించకుండా

"ఆ కుర్చీ దిగండి స్వామీ!"

గుడి మంటపంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని మంత్రాలు చదువుతున్న అర్చకుడు చిదంబరం ఉలిక్కిపడ్డాడు.

ఎదురుగా ఎవరో కొత్త మనిషి. అరవై దాటి ఉంటాడు. లుంగీ, మాసిన చొక్కా.

"ఎవరప్పా నువ్వు?"

"ఎవరైతే ఏమి? తేరు ఇంక ఎన్ని దినాలు ఉండాది?"

"ఇరవై దినాలు."

"ఆ పొద్దు దేవుణ్ణి ఎత్తేది మీరే కదా?"

చిదంబరం ముఖం మాడిపోయింది.

కర్ణాటకలో మిట్టేమరి దగ్గరి ఆ చిన్న ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. తేరు నాడు, అంటే రథోత్సవం రోజున, అర్చకుడు నేల మీద కూర్చుని, ఉత్సవమూర్తిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, నేలకు చెయ్యి ఆనించకుండా లేవాలి. ఆనిస్తే సేవ తప్పినట్టే. మూడు తరాలుగా చిదంబరం ఇంటివాళ్ళే అలా లేచారు.

ఈ ఏడు చిదంబరం మోకాళ్ళు బిగుసుకుపోయాయి. బయటికి చెబితే సేవ పోతుంది.

"నొప్పని కుర్చీ ఎక్కినారు. ఆ కుర్చీనే మీ మోకాళ్ళను తింటాండాది. ఇట్ల చూడండి."

అతను స్తంభం పట్టుకుని, మడమలు లేవకుండా, నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు. అంతే నెమ్మదిగా లేచాడు.

"తొలి వారం సగం దాకా కూచుంటే చాలు. పొద్దున పది, సాయంత్రం పది. పాదాలు గుండ్రంగా తిప్పండి, మడమ బిగువు వదలాల. రెండో వారం పూర్తిగా కూచునేది. ఆమీద స్తంభం వదిలేసేది. ఆఖర్న నీళ్ళ బిందె ఎత్తుకోని లేసేది."

"నాకే పాఠం చెప్పేదానికి వచ్చినావా? నాకు ఏ నొప్పీ లేదు. పో!"

అతను పోయాడు. మరునాడు మళ్ళీ వచ్చాడు.

"ఎన్ని తీసినారు?"

చిదంబరం దీపంలో నూనె పోయసాగాడు.

"పిల్లోళ్ళతో వినాయకుడి ముందర గుంజీలు తీయిస్తారే, మీరు తీస్తే పరువు పోతాదా?"

ఇంట్లో భార్య కమలాక్షి అడిగింది.

"ఆయప్ప చెప్పింది చేసి చూస్తే ఏం పోతాదండీ?"

"నీకేం తెలుసు! వాడు గుడి కమిటీ అధ్యక్షుడు రామచంద్రప్ప పంపిన మనిషి. నా కాళ్ళు పరీక్ష చేస్తాండాడు. నేను స్తంభం పట్టుకున్నానంటే, లేవలేనని చాటింపు వేస్తాడు!"

నాలుగు రోజులు ఆ మనిషి వస్తూనే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు. చిదంబరం పళ్ళు బిగించి, కుంటు కనబడకుండా నడిచాడు.

ఐదో రోజు అబద్ధం ఆడాడు.

"వీడు దేవుడి నగల మీద కన్నేసినాడప్పా!"

ఇంకేం, పదిమంది పోగయ్యారు. నిజమా అని ఒక్కడూ అడగలేదు. చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయి బాగేపల్లి బస్సులోకి తోశారు.

చిరిగిన చొక్కాతో ఫుట్‌బోర్డు మీద నుంచే అతను అరిచాడు.

"ఇంకా పదారు దినాలు ఉండాది స్వామీ! సగం దాకన్నా కూచోండి!"

జనం నవ్వారు. చిదంబరం కూడా నవ్వాడు.

తేరు వచ్చింది.

చిదంబరం కూర్చున్నాడు. మూర్తిని హత్తుకున్నాడు. లేవబోయాడు. మోకాళ్ళు సగంలో ఆగిపోయాయి. ఒళ్ళు ఎడమకు ఒరిగింది.

ఎడమ చెయ్యి నేలకు ఆనింది.

డోలు ఆగింది. వెనక ఉన్నవాళ్ళు మూర్తిని అందుకున్నారు.

"చాలు స్వామీ," అన్నాడు రామచంద్రప్ప. "వచ్చే ఏటికి ఇంకొకర్ని చూస్తాము."

"నీ మనిషిని పంపి ముందే చూసుకుంటివి కదా!" చిదంబరం గొంతు చించుకున్నాడు.

"నేనా? ఎవర్ని పంపితి?"

"స్తంభం పట్టుకోని లేసి చూపించినాడే, బస్సెక్కించి తరిమితిమే, ఆ లుంగీవాణ్ణి!"

రామచంద్రప్ప ఎవరన్నట్టు జనం వైపు చూశాడు.

డోలు కిందపెట్టి మంజునాథ ముందుకొచ్చాడు. చుట్టుపక్కల అన్ని తేర్లకూ వాయించేది అతనే.

"ఆయప్పనా తరిమేసినారు? నాకు బాగా తెలుసు స్వామీ. ఆయన గౌరిబిదనూరు దిక్కు అర్చకుడు. దేవుణ్ణి ఎత్తుకోని లేస్తా లేస్తా పడిపోయి సేవ పోగొట్టుకున్నంక, ఇంకొక అర్చకుడికి ఆ గతి పట్టకూడదని ఊరూరూ తిరుగుతాండాడు."