దిబ్బ కింది నేల

"ఊరికే పడి ఉన్న రాయి శెట్టిగారూ. బండ్లు మావే, ఎత్తుకునే కూలీలూ మావాళ్ళే. మీకొచ్చిన నష్టమేంటి?" అన్నాడు రోడ్డు ఓవర్సీరు.

"ఆ దిబ్బ జోలికి మాత్రం రావద్దండీ," అన్నాడు గని యజమాని లక్ష్మీనరసయ్య.

ఓవర్సీరు తెల్లబోయాడు. పలకల గనుల్లో తవ్విన రాయిలో పనికొచ్చేది పిడికెడు, పారబోసేది పుట్టెడు. ఆ చెత్తరాయి ఎక్కడ పోయాలో తెలియక మార్కాపురం షావుకార్లంతా తలలు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో తర్లుపాడు రోడ్డుకు కట్ట పోయడం మొదలయ్యేసరికి వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. మా రాయి పట్టుకుపొమ్మంటే మా రాయి పట్టుకుపొమ్మని అందరూ ఓవర్సీరు వెంటపడుతున్నారు. ఈయనొక్కడే వద్దంటున్నాడు.

ఆ వారంలోనే పల్లెవాళ్ళు వచ్చారు. వానొస్తే చాలు, దిబ్బ మీది రాతి పెళ్ళలు కొట్టుకొచ్చి వాళ్ళ జొన్నచేలల్లో మేట వేస్తున్నాయి. ముందు నిలబడి మాట్లాడింది మగ్దలీనమ్మ. ఆయన గనిలోనే పలకలు చీల్చే పని ఆమెది.

"రాళ్ళు ఏరి ఏరి చేతులు పోతుండాయి. గింజ మొలిచేతట్టు లేదు. దిబ్బ తీయించయ్యా."

ఇంకెవరైనా అయితే కసిరి పంపేవాడు. ఆమె ముందు మాత్రం ఆయన తల ఎత్తలేకపోయాడు.

"అట్లనే, తీయిస్తాలే," అన్నాడు. ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

మగ్దలీనమ్మ మొగుడు పేతురు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం, పనివాళ్ళంతా ఇళ్ళకు పోయాక, గుడిసెకు గోడ పెట్టుకుందామని దిబ్బ అడుగున మంచి పెళ్ళలు ఏరుకుంటున్నాడు. ఉన్నట్టుండి పైనుంచి దిబ్బ జారి అతన్ని కప్పేసింది. చూసింది ఇద్దరే. ఒకరు లక్ష్మీనరసయ్య, ఇంకొకరు మేస్త్రీ ఓబులయ్య. ఓబులయ్య గడ్డపార అందుకున్నాడు.

"ఆగు," అన్నాడు లక్ష్మీనరసయ్య. "అంత రాయి కింద మనిషి మిగులుతాడా? పోయినోడు పోయినాడు. తవ్వితే పోలీసులొస్తారు, గని మూతపడుతుంది. ఇంతమంది ఏం తిని బతకాల?"

ఓబులయ్య ఆయన ముఖంలోకి చూశాడు. గడ్డపార కింద పెట్టాడు.

పేతురు చెప్పాపెట్టకుండా గుంటూరు వైపు పోయాడని ఊళ్ళో చెప్పించాడు లక్ష్మీనరసయ్య. మగ్దలీనమ్మకు ఆ అబద్ధం తనే స్వయంగా చెప్పాడు. ఆమె ఏడవలేదు, ఎదురు ప్రశ్న వేయలేదు.

"గని నడుస్తా ఉంటే చాలయ్యా, నా పిల్లోళ్ళు బతుకుతారు," అన్నది.

ఆ మాటే ఆయన్ను ఇన్నేళ్ళూ కాల్చింది. పేతురు పడిన చోట చెత్తరాయి మీద చెత్తరాయి పోయించాడు. ఆమెకు చెట్టు నీడన పని ఇచ్చాడు. క్రిస్మస్‌కు పిల్లలకు గుడ్డలు కొనిచ్చాడు. ఆమె అన్నీ వద్దనకుండా పుచ్చుకుంది. ఈమధ్యే ఓబులయ్య జ్వరంతో పోయాడు. ఇక ఆ సంగతి తెలిసినవాడు తనొక్కడే అనుకున్నాడు.

బండ్లు వచ్చాయి. దిబ్బ కరగడం మొదలైంది. లక్ష్మీనరసయ్య దుకాణం మానేసి, ఎండలో దిబ్బ ఎదురుగా కూర్చున్నాడు. పార రాయికి తగిలి ఖంగుమన్నప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

"చెత్తరాయికి కాపలా ఏందండీ మీరు? అన్నం కూడా ముట్టుకోరు," అని భార్య మహాలక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆయన దిబ్బ మీంచి చూపు తిప్పలేదు. మనసులో ఒక నిశ్చయానికి వచ్చేశాడు. ఎముక కనపడ్డ క్షణాన అందరి ముందూ మగ్దలీనమ్మ కాళ్ళ మీద పడాలి. జైలంటే జైలు.

ఆఖరి బండి కూడా కదిలిపోయింది. అడుగున ఎర్రటి నేల తేలింది. అంతే, ఇంకేమీ లేదు.

లక్ష్మీనరసయ్య గబగబా దిగాడు. ఆ చోటు ఆయన కళ్ళు మూసుకున్నా చూపించగలడు. పార తీసుకుని గీకాడు. మోకాళ్ళ మీద కూలబడి చేతులతో గీరాడు. గోళ్ళలోకి మట్టి దిగింది గాని, ఒక్క ఎముక ముక్క లేదు.

పేతురు ఎలాగో బయటపడ్డాడేమో! నిజంగానే గుంటూరు పోయాడేమో! తను కల్పించిన అబద్ధమే నిజమైందేమో! ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టయింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

వెనక అడుగుల చప్పుడైంది. మగ్దలీనమ్మ. ఎప్పుడు వచ్చిందో, ఆయన్నే చూస్తూ నిలబడి ఉంది.

"వెతకబాకయ్యా," అన్నది మెల్లగా, "ఆ రాత్రే ఓబులన్న వచ్చి చెప్తే మేమంతా పోయి తవ్వి తీసుకున్నాము, తెల్లారేదాకా ఊపిరితోనే ఉండినాడు."