ముందు లైటు

నిరుడు ఫిబ్రవరి పన్నెండున ఇష్తియాక్ మధ్యాహ్న భోజనం పామర్రు సెంటర్లో కొన్న మిరపకాయ బజ్జీలు. అవి కూడా సగం తిని పొట్లం చుట్టేశాడు.

ఆ సాయంత్రం చల్లపల్లి దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో, అతను తయారు చేసిన కొత్త పెట్రోమాక్స్ లైట్లు మొదటిసారి వెలగబోతున్నాయి.

విజయవాడ వన్‌టౌన్‌లో తాత మదార్ సాహెబ్ పెట్టిన షాపు వాళ్లది. ఊరేగింపులకు లైట్లు అద్దెకివ్వడమే పని. ఎల్ఈడీలు వచ్చాక అడిగే నాథుడు లేడు. సెల్‌ఫోన్ల వాళ్లకు షాపు ఇచ్చేద్దామని తండ్రి పోరు. ఈ పెళ్లిలో లైట్లు నచ్చకపోతే అలాగే ఇచ్చేద్దామని ఇష్తియాక్ మాటిచ్చాడు.

డిప్లొమా చదివినవాడు. పాత లైటును పూర్తిగా విప్పి మళ్లీ కట్టాడు. కిరసనాయిలు ఆవిరయ్యే గొట్టాన్ని మార్చాడు. తక్కువ నూనెతో ఎక్కువ వెలుగు. బరువు బాగా తగ్గించాడు. మోసేవాళ్ల నెత్తి కాలకుండా అడుగున రెండు రేకులు, మధ్యలో గాలి ఆడేలా బిగించాడు.

చర్చి పక్క పందిట్లో లైట్లు వరసగా పెట్టాడు. మోయడానికి కుదిర్చిన ఆడవాళ్లు ఒకే రంగు చీరల్లో వచ్చి నిలబడ్డారు.

వాళ్ల మధ్యలోంచి, ముతక నేత చీరలో ఉన్న ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. ఒక లైటు ఎత్తి బరువు చూసింది. పక్కనున్న తువ్వాలు తీసి చిటికెలో చుట్టకుదురు చుట్టింది.

అలవాటున్న మనిషి దొరికిందని ఇష్తియాక్ సంబరపడ్డాడు.

"పెద్దమ్మా, ముందు లైటు నీదే. యూనిఫాం చీర కట్టుకురా."

"నేను మొయ్యను. వీళ్లనీ మొయ్యనివ్వను."

"ఎందుకు? పాతవాటిలా నెత్తి కాలదు. డిజైను మార్చాను."

"ఎవరి నెత్తిన పెట్టి చూశావు?"

"ఇసుక మూట మీద. థర్మామీటరు కూడా పెట్టాను."

"ఇసుక మూటకి మెడ ఉండదు కదా బాబూ."

వరసలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఈవెంట్ మేనేజర్ పవన్‌కుమార్ పరుగున వచ్చాడు. పెళ్లికొడుకుతో ఫోన్లో మాట్లాడి ఈ పని ఒప్పుకున్నది అతనే. "నెత్తి మీద లైట్లుంటేనే పాతకాలం లుక్కు ఆంటీ. ఫొటోలు అదిరిపోతాయి."

"అంత బాగుంటే నువ్వే పెట్టుకో నాయనా. నీ ఫొటో కూడా తీస్తారు."

ఇష్తియాక్‌కి ఒళ్లు మండింది. "అసలు నాకు చెప్పడానికి నువ్వెవరు?"

"నెత్తి ఉన్నదాన్ని."

అతను ఆ చుట్టకుదురు లాక్కుని తన తల మీద పెట్టుకున్నాడు. దాని మీద వెలుగుతున్న లైటు పెట్టుకుని చర్చి గేటు వైపు నడిచాడు. నెత్తి కాలలేదు. తన రేకులు పనిచేస్తున్నాయి.

పెద్దావిడ పక్కనే నడిచింది. "పెళ్లి కారుకి పూలు కడుతున్నారు. ఏం పూలో చూసి చెప్పు."

తల తిప్పబోయాడు. లైటు ఒరిగింది. ఆవిడ చప్పున పట్టుకుంది.

"మా అమ్మ బతుకంతా ఇలాగే మోసింది. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకి వెలుగిచ్చింది. ఒక్క పెళ్లికూతురి మొహం కూడా చూడలేదు."

ఆవిడ లైటు దించి అతని చేతికిచ్చి, చుట్టకుదురు విప్పిన తువ్వాలుతో అతని మెడ మీది చెమట తుడిచి వెళ్లిపోయింది.

ఇష్తియాక్ పందిరివాళ్లని అడిగి వెదురు కర్రలు తెచ్చాడు. ఒక్కో కర్ర కొనకి కొక్కెం బిగించి లైటు తగిలించాడు. తేలికైన లైటు కాబట్టి కర్ర నిలిచింది.

"ఇదేంటి భయ్యా? లుక్కు పోయింది" అన్నాడు పవన్‌కుమార్.

"పోనీ. నా లైటు ఇంకెవరి నెత్తినా ఎక్కదు. కాదంటే లైట్లు తిరిగి లారీ ఎక్కుతాయి."

చీకటి పడేవేళకి పెద్దావిడ మళ్లీ వచ్చింది. ఈసారి పట్టుచీర కట్టుకుని. కర్రలు చూసి ముందు లైటు అందుకుంది.

యూనిఫాం అంటే ఈవిడ పట్టుచీర కట్టుకొచ్చిందేమిటి అనుకున్నాడు ఇష్తియాక్. "కిరసనాయిలు పడుతుంది, చీర జాగ్రత్త" అన్నాడు.

"పడనీలే."

ఊరేగింపు కదిలింది. ఆవిడ మాటిమాటికీ వెనక్కి తిరిగి కారులో కూర్చున్న జంటనే చూస్తోంది.

"పెద్దమ్మా, ముందు చూసి నడువు" అని రెండుసార్లు గట్టిగా అరిచాడు.

దారిలో పెళ్లికొడుకు కారు దిగి వచ్చి, ఆవిడ చేతిలో కర్ర తీసుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. పనివాళ్ల మీద దయ ఉన్న కుర్రాడు అనుకున్నాడు ఇష్తియాక్.

జనం అరుగుల మీదకి వచ్చి మరీ చూశారు. లైట్లు ఎవరివని అడిగి ఫోన్ నంబరు తీసుకున్నారు. ఇష్తియాక్ తండ్రికి ఫోన్ చేశాడు. "షాపు ఎవరికీ ఇవ్వట్లేదు అబ్బా. నేనే తెరుస్తా."

లైట్లు ఆర్పి లారీకెక్కించాక పెద్దావిడ కోసం వెతికాడు. అరిచినందుకు ఏదో ఒకటి చెప్పాలి. లేకపోతే నిద్ర పట్టేలా లేదు. పెళ్లివారింటి గడపలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పెళ్లికొడుకు చెల్లెలు దీవెన.

"ముందు లైటు పట్టుకున్న పెద్దావిడ ఎక్కడుందమ్మా? వచ్చే వారం కొండపల్లిలో పెళ్లి ఉంది. పనికి పిలుద్దామని."

"కాళ్లు లాగుతున్నాయని మా అమ్మ ఇప్పుడే పడుకుందండీ, పొద్దున లేచాక అడుగుతాను, తప్పకుండా వస్తానంటుంది" అని దీవెన చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.