నిండిపోయిన ఖాళీలు

“ఖాళీలన్నీ నింపేశావా అమ్మా?” ప్రెస్సు యజమాని మూడోసారి అడిగాడు.

“నింపానండీ,” అంది టైపు చేసే ఆవిడ. “డిక్షనరీ చూసి మరీ నింపాను.”

ఆవిడ చేరి నెల కాలేదు. అంతకుముందు దస్తావేజులు టైపు చేసే ఆఫీసులో ఉండేది. అక్కడ చిత్తుప్రతిలో ఖాళీ కనిపిస్తే కనుక్కుని నింపడమే టైపిస్టు పని. ఒక్కటి వదిలేసినా వకీలు ఇంతెత్తున లేచేవాడు. ఇక్కడేమో యజమాని బావగారైన ఇంగ్లీషు మాస్టారు రాసిచ్చిన అభ్యాసాల పుస్తకంలో వాక్యానికో ఖాళీ. పెద్దాయన తొందరలో వదిలేశారు కాబోలని పాపం జాలిపడింది.

యజమాని పుస్తకం తెరిచాడు. తయారుచేయడాన్ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా చెప్పవచ్చో నేర్పే పాఠం అది. మంచీ చెడూ చూడకుండా గుట్టలుగా తీసి పడేస్తే చర్న్ అవుట్, ఉన్నవాటితో చిటికెలో వండేస్తే విప్ అప్, ఉత్తరం గబగబా గీకి పడేస్తే డాష్ ఆఫ్, గౌను చకచకా కుట్టేస్తే రన్ అప్. పిల్లలు బుర్రలు బద్దలు కొట్టుకుని వెతకాల్సిన మాటలన్నీ ఎక్కడివక్కడ బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్క తప్పు లేదు. దాంతో ఆయనకు ఇంకా ఒళ్ళు మండింది. ప్రూఫు చూడాల్సింది తనే, చూడలేదు. పుస్తకాలన్నీ పొద్దున్నే బడికి చేరిపోయాయి కూడా.

ఈలోగా మాస్టారు ఊగిపోతూ వచ్చాడు. తన పరువు గంగలో కలిసిందన్నాడు, ఇక ఏ బడీ ఈ ప్రెస్సు గుమ్మం తొక్కదన్నాడు. ఆవిణ్ణి ఈ పూటే పంపేయకపోతే సంగతి మీ అక్కతోనే తేలుస్తానన్నాడు. యజమానికి బావ కంటే అక్కంటేనే భయం.

“రేపట్నుంచి రావద్దమ్మా,” అన్నాడు నేల చూస్తూ.

ఆవిడ ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. కళ్ళజోడు పెట్టె, క్యారియరు సంచిలో సర్దుకుంటూ ఆగింది.

“చివరి పేజీ ఒక్కటే వదిలేశానండీ. ‘నీవు తయారుచేసిన ఒక వస్తువు గురించి సొంత మాటల్లో రాయుము’ అని ఉంది. ఏ పిల్లాడు ఏం చేశాడో నాకెలా తెలుస్తుందండీ?”

అప్పుడే ఫోను మోగింది. బడి హెడ్‌మాస్టరు. యజమాని లేచి నిలబడి, అలాగేనండీ అలాగేనండీ అంటూ చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి ఒకసారి బావను, ఒకసారి ఆవిడ సంచిని చూశాడు.

“టీచర్లకు పుస్తకం తెగ నచ్చిందట బావా. దిద్దే బాధ తప్పిందట. వచ్చే ఏడు అన్ని తరగతులకూ ఇలాగే కావాలట.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. యజమాని పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, చివరి పేజీ తెరిచాడు.

“ఒక్కటే ఫిర్యాదమ్మా. ఇదెందుకు ఖాళీగా వదిలేశామని అడుగుతున్నారు.”