తడి గోనెలు

"ఎవుర్తివే నువ్వు? ఆ గోనె కిందెట్టు!"

పోలయ్య మేస్త్రీ కేకకి ముసలమ్మ ఉలిక్కిపడింది. చేతిలోని గోనెపట్టా జారిపోయింది.

"దొంగతనానికి మా పునాదే దొరికిందేటి?"

"దొంగని కాదు బాబూ. గాలికి తొలిగిపోతే కప్పుతున్నాను."

"కప్పమని నీకెవుడు సెప్పాడు?"

ఆమె వంగి, జారిన గోనె అంచు సర్దింది.

బిలాసపూర్ రైల్వే లోకో షెడ్డులో ఆ ఏడు ఆవిరి ఇంజన్లు పెరిగాయి. చిన్న నీళ్ల ట్యాంకు తీసేసి పెద్దది కట్టమన్నాడు దొర. పాత పునాది గట్టిదే గాని వెడల్పు చాలదు. దాని అంచులు ఉలితో గరుకు చేసి, ఇనపకడ్డీలు దిగ్గొట్టి, చుట్టూ కొత్త కాంక్రీటు పోయించాడు పోలయ్య. ఇక దానిమీద ట్యాంకుని మోసే తాటిచెట్టంత ఇటిక కట్టడం లేవాలి.

పాతదీ కొత్తదీ ఒక్కటై అతుక్కునేదాకా కాంక్రీటు ఆరకూడదు. అందుకే తడి గోనెలు. నిన్ననే రెండు గోనెలు కనపడకుండా పోయాయి.

"మళ్లీ ఈ చాయలకొచ్చావంటే పోలీసులకి అప్పజెప్తాను. పో!"

ముసలమ్మ పక్కనున్న కుండ చంకనెత్తుకుని పట్టాల వెంట వెళ్లిపోయింది.

'నీళ్లు కూడా ఎత్తుకుపోతోందన్నమాట' అనుకున్నాడు పోలయ్య. ఆమెని షెడ్డు కుళాయి ముట్టుకోనివ్వొద్దని కావలివాడికి గట్టిగా చెప్పాడు.

ఎండలు ముదిరాయి. అర్పా నది ఇసకలో సన్నటి పాయగా మిగిలింది. అయినా పొద్దున పోలయ్య వచ్చేసరికి గోనెలు నీళ్లోడుతూనే ఉండేవి.

"శభాష్ రా బామ్మర్దీ!" అన్నాడు, గోనెలు తడిపే పని అప్పజెప్పిన చిన్నారావు భుజం తట్టి.

చిన్నారావు తల వంచుకున్నాడు.

ఒకరోజు పోలయ్య మిట్టమధ్యాహ్నం వచ్చి చూస్తే గోనెలు ఎండి అప్పడాల్లా ఉన్నాయి. కింద కాంక్రీటు మీద చెయ్యేస్తే పెనంలా కాలింది.

"ఏట్రా ఇది? పునాది బీటలిస్తే మీద లేపే గోడ ఆగుతాదా? కింద పనిచేసినోళ్లు బతుకుతారా?"

చిన్నారావు ఒక అడుగు వెనక్కేశాడు.

"నాను ఒక్కనాడూ తడపలేదు బావా. నానొచ్చేసరికే తడిసుండేవి. ఆ ముసిలమ్మే..."

"కుళాయి ముట్టుకోనివ్వొద్దన్నాను గదా!"

"కుళాయి నీళ్లు కావు. అర్పా నుంచి మోసుకొచ్చీది."

పోలయ్య ఎండిన గోనె అంచు పట్టుకున్నాడు.

"మరి పోయిన ఆ రెండు గోనెలు?" అన్నాడు.

"ఇంటికాడ పందిరికి నానే అట్టుకెల్లాను."

చిన్నారావుని కొట్టడానికి లేచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పోలయ్య నదివైపు నడిచాడు. ముసలమ్మకి దండం పెట్టి తీసుకురావాలనుకున్నాడు. కుళాయి దగ్గర తనే కుండ నింపి ఇవ్వాలనుకున్నాడు.

సగం దారిలో నలుగురు మూగి ఉన్నారు.

ముసలమ్మ నేలమీద పడి ఉంది. పగిలిన కుండ చుట్టూ మట్టి అప్పుడే ఆరిపోయింది. పక్కన కూర్చున్న నడివయసు మనిషి తన తువ్వాలు ఆమె మొహమ్మీద కప్పుతున్నాడు.

"వడదెబ్బ," అన్నాడు పోలయ్యని చూసి. "నా పేరు ఎర్రయ్య. సిర్గిట్టిలో మా పక్క గుడిసే ఈవిడిది. అసిరమ్మంటారు."

పోలయ్య పక్కన కూర్చుని పగిలిన కుండ పెంకు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"నాను తిట్టి తరిమేశాను. అయినా నా పునాదికి నీళ్లు మోసింది. ఎందుకు అన్నా?"

"నీదని కాదు మేస్త్రీ. చుట్టుపక్కల ఎవుడు కొత్తగా పునాది పోసినా, కుండ అట్టుకుని అక్కడికే పోద్ది. ఎంత సెప్పినా ఇనదు."

ఎర్రయ్య తువ్వాలు అంచు సర్దాడు.

"కిందటేడు మస్తూరీలో, తడిలేక బీటలిచ్చిన పునాది మీద గోదాం గోడ కూలి అమ్మన్న అనే కూలోడు పోనాడు," అన్నాడు, "ఈవిడ ఆడి తల్లి."