దొరసాని దిగులు

రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అక్క, బావ, బావ వాళ్లమ్మ, పశువుల డాక్టరమ్మ, సోఫాలో సగం ఆక్రమించుకుని దొరసాని ఉన్నారు. దొరసాని అంటే నల్లపిల్లి. వంటింట్లో చెల్లెలు కూడా ఉంది. ఎవరి లెక్కలోకీ రాదు కాబట్టి చివర్న చెప్పాల్సి వచ్చింది.

అక్కకు ఒంట్లో బాగాలేదని నాలుగు రోజుల సాయానికి వచ్చింది. అక్క ఎప్పుడో కోలుకుంది. చెల్లెలి నాలుగు రోజులు మాత్రం రెండేళ్లయినా పూర్తి కాలేదు. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది మెట్ల కింద చిన్న గది. తలుపేసుకుంటే కాసేపు ఎవరూ పిలవరు.

దొరసాని దిగులుగా ఉంటోందని అక్క అనుమానం. రక్తపరీక్షకని సూది గుచ్చితే తట్టుకోలేదట. చిటికెడు వెంట్రుకలు చాలని, కొన్ని నెలలుగా పడుతున్న ఒత్తిడంతా వాటిలోనే తెలిసిపోతుందని డాక్టరమ్మ అప్పట్లో ఒక కవరు ఇచ్చి వెళ్లింది. కత్తిరించే పని ఎవరికి పడిందో చెప్పక్కర్లేదు. కత్తెర చూడగానే దొరసాని ఆమె చేయి గీరి బీరువా ఎక్కి కూర్చుంది. అవతల బావ, కాఫీ ఏదని అరుస్తున్నాడు. కాసేపటికి ఆమె కవరు తెచ్చిచ్చింది, ఆ వెనకే కాఫీ.

ఇప్పుడు డాక్టరమ్మ పిల్లి చెవులు, కళ్లు, తోక అన్నీ పరీక్షగా చూసింది. అది హాయిగా ఆవులించింది.

"పైకేమీ తెలియట్లేదు. కానీ ఇంత ఘోరమైన రిపోర్టు నేనెప్పుడూ చూళ్లేదమ్మా. నెలల తరబడి బిక్కుబిక్కుమంటూ బతుకుతోంది. ఎవరు దీన్నింత కాల్చుకు తింటున్నారు?"

అక్క కళ్లు తుడుచుకుంది. బావ గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ గొంతు తగ్గుతుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దావిడ టీవీ కట్టేసి, "నోరులేని జీవం, ఎవరితో చెప్పుకుంటుంది పాపం" అంది. నోరున్నవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

దానికంటూ ఒక గది ఉండాలంది డాక్టరమ్మ. వేళకు తిండి పెట్టాలి, నిద్రలో లేపకూడదు, ఎవరూ కసురుకోకూడదు.

సాయంత్రానికల్లా మెట్ల కింద గదిలో మెత్తటి పరుపు పడింది. చెల్లెలి చాప వంటింట్లోకి మారింది.

"నువ్వెక్కడైనా సర్దుకుంటావు కదే" అంది అక్క.

"అది కాదక్కా, ఆ రోజు కవర్లో..."

"నెమ్మదిగా మాట్లాడు. ఇప్పుడే పడుకుంది" అంటూ అక్క ఆమె ముఖం మీదే తలుపు మూసింది.

చెల్లెలు అక్కడే నిలబడి జడ కింద తడుముకుంటే, పిల్లి దొరక్క ఆ రోజు కవరు కోసం తనే కత్తిరించుకున్న చోట కొత్త వెంట్రుకలు వేళ్లకు గుచ్చుకున్నాయి.